మేడమ్ గది ముందు మైక్రోస్కోపు

మా పెద్దమ్మ కూతురు నాకు చేసిన ద్రోహం గురించి చెప్పాలంటే ముందు తను చేసిన మేలు చెప్పాలి. నా కడుపుమంటంతా అక్కడే ఉంది. ఉత్త చెడ్డమనిషైతే నాలుగు తిట్లు తిట్టి దులిపేసుకునేదాన్ని. అక్క విషయంలో ఆ సుఖం కూడా లేదు నాకు.

పై చదువుకి సీటొచ్చి నేను ఈ మహానగరంలో దిగిన రోజు బస్టాండులో ఇసుక వేస్తే రాలనంత జనం. అంతమందిలో నన్నెలా పట్టుకుందో గాని, వెనకనుంచి వచ్చి జడ లాగి, "ఏమే బుడంకాయ్, నోరు మూసుకో, ఈగలు దూరతాయి," అంది. చిన్నప్పుడు పొట్టిగా, గుండ్రంగా ఉండేదాన్నని ఇంట్లో నాకు పెట్టిన పేరది. ఆ ఊళ్ళో ఆ పేరు తెలిసిన మనిషి తనొక్కతే. ఆ పిలుపు వినగానే ఏడుపొచ్చినంత పనైంది, నవ్వేసి కప్పిపుచ్చుకున్నాను.

అక్క గదే నా గది అయింది. చిట్టచివరి అంతస్తు, కిటికీ తీస్తే చెయ్యి చాపినంత దూరంలో పక్కింటి గోడ. రెండు మంచాల మధ్య పక్కకి తిరిగి నడవాలి. "కుళాయి సన్నగా వస్తుంటే కింద ఓనరమ్మ బట్టలుతుకుతోందని అర్థం, కాస్త ఆగి పట్టుకో" అని చెప్పింది. బస్సు మన స్టాపులో ఆగాక లేద్దామనుకుంటే దిగనే దిగలేవనీ, ముందు స్టాపులోనే తలుపు దగ్గరికి చేరాలనీ చెప్పింది. సంచి వీపుకి కాదు, కడుపుకి తగిలించుకోమంది. "ఇక్కడ దారి అడిగితే తెలీదని ఎవడూ అనడు. తెలీకపోయినా ఎటో ఒక వైపు చెయ్యి చూపిస్తాడు. అందుకని ఎప్పుడూ ఇద్దర్ని అడుగు," అంది. చెప్పినవన్నీ నిజాలే. ఒక్కటి కూడా తప్పు పోలేదు.

అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే పాట. "అక్క మాట జవదాటకు. పెద్దమ్మ కూతురంటే వేరేనా, సొంత అక్కే." నేనెందుకు జవదాటుతాను? అక్క లేకపోతే మొదటి వారమే పెట్టె సర్దుకుని వెళ్ళిపోయేదాన్ని.

నేను ఇంత దూరం వచ్చింది ఇసుక కోసం. నవ్వకండి, నిజం. మా నాన్న ఇళ్ళు కట్టే మేస్త్రీ. ఎక్కడ పని దొరికితే అక్కడికి మా కాపురం. బొమ్మలు లేవు, తోట లేదు, ఇంటి ముందు ఎప్పుడూ ఒక ఇసుక కుప్ప మాత్రం ఉండేది. దానిమీదే ఆడాను, దానిమీదే నిద్రపోయాను. కొత్త లోడు రాగానే గుప్పెడు తీసి అరచేతిలో రుద్ది, ఇది పోయినసారి తెచ్చిన చోటిది కాదు అని చెప్పేదాన్ని. కాలేజీలో మొదటిసారి మైక్రోస్కోపు కింద చూసినప్పుడు, ఇన్నాళ్ళూ చేతితో తెలిసినదానికి మొహం కనిపించినట్టయింది. ఏరులో ఎంత దొర్లిందో, గాలికి ఎంత కొట్టుకుందో ప్రతి రేణువు ఒంటిమీదా తెలిసిపోతుంది. ఇంక నాకు వేరే చదువు రుచించలేదు.

మా డిపార్టుమెంటులో ఇసుకమీద పనిచేసేది మేడమ్ ఒక్కరే. ఏడాదికి ఒక్క విద్యార్థినే తీసుకుంటారు. మొదటి ఏడాది చివర్లో ఎవరు ఎవరి దగ్గర పరిశోధన చేయాలో తేలిపోతుంది. మేడమ్ కాదంటే, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి తోలేస్తారు, ఇష్టం ఉన్నా లేకపోయినా. అక్కడా వద్దంటే ఆ ఏడాది మళ్ళీ చదవాలి. కాబట్టి నాకు కావలసింది ఒకే ఒక్కటి, మేడమ్ దగ్గర ఆ కుర్చీ. ఈ మాట అక్కకి వచ్చిన రోజే చెప్పేశాను. తను కూడా అదే డిపార్టుమెంటు. పోయినేడు ఎవరూ తీసుకోకపోతే అదే ఏడాది మళ్ళీ చదువుతోంది. ఈసారీ ఎవరూ తీసుకోకపోతే ఇంటికే.

"నీకూ మేడమే కావాలా?" అని అడిగాను, కాస్త భయంగానే.

"నాకా? ఇసుకా? ఛీ, చెప్పుల్లోకి దూరితేనే చిరాకు నాకు. నేను రాళ్ళ సార్ దగ్గర పడుంటాలే," అంది. నా గుండెమీంచి బరువు దిగిపోయింది.

మొదటి రోజు తనే వెంటబెట్టుకుని డిపార్టుమెంటంతా తిప్పింది. ఏ కుళాయి నీళ్ళు తాగచ్చో, లైబ్రరీలో ఏ ఫ్యాను తిరగదో, టీ మనిషి ఏ వేళకి ఏ మెట్ల దగ్గర ఉంటాడో చూపించింది. నడవా చివర మేడమ్ గది. గుమ్మం పక్కన ఎత్తు స్టూలుమీద ఒక మైక్రోస్కోపు, దీపం వెలుగుతోంది. కింద పలకమీద చిటికెడు ఇసుక. నా కాళ్ళు వాటంతటవే అటు వెళ్ళాయి. అక్క నా చెయ్యి పట్టి వెనక్కి లాగింది.

"దీని జోలికి మాత్రం వెళ్ళకు తల్లీ. మేడమ్ సొంత కొలతలవి. పోయినేడు ఒకడు వంగి చూడబోయి మోచెయ్యి తగిలించాడు. ఆవిడ మళ్ళీ వాడి మొహం చూడలేదు."

"మరి దారిలో ఎందుకు పెట్టుకున్నారు?"

"లోపల చోటేదీ? గదినిండా ఇసుక సీసాలే. పెద్దవాళ్ళ పిచ్చి పెద్దవాళ్ళది, మనకెందుకు?"

కుళాయి నిజం, బస్సు నిజం, ఫ్యాను నిజం. ఇది మాత్రం అబద్ధమని నాకెలా తెలుస్తుంది? ఆ రోజునుంచి ఆ స్టూలు దగ్గరికి రాగానే అవతలి గోడకి బల్లిలా అతుక్కుని నడిచేదాన్ని. మేడమ్ తలుపు సగం తెరిచే ఉండేది. నేనలా గోడ పట్టుకుని పోవడం ఆవిడ రోజూ చూస్తూనే ఉన్నారని తరవాత తెలిసింది.

ఇంకా సిగ్గుచేటు విషయం ఉంది. మా క్లాసులో ఒకడు, సీసా అడుగులంత మందం అద్దాలు, వాణ్ణి కళ్ళజోడు అనేవాళ్ళం. ఒకరోజు వాడు ఆ మైక్రోస్కోపుమీదికి వంగి కనిపించాడు. నేను పరుగెత్తి, "ఏయ్, చూడకు, మేడమ్‌కి కోపం," అని చొక్కా పట్టి లాగాను. వాడు నా వంక చూసి పకపకా నవ్వాడు. "భలేదానివే," అని మళ్ళీ వంగి చూసి, తలుపు తట్టి లోపలికి వెళ్ళాడు. పాపం, తిట్లు తినడానికి పిలిచారు కాబోలనుకున్నాను. పొగరుకి తగిన శాస్తి అని కూడా అనుకున్నాను. అలా వంగి చూసి లోపలికి వెళ్ళినవాళ్ళని ఇంకొందర్ని చూశాను. ఎన్ని తిట్లు తిన్నా బుద్ధి రాదే వీళ్ళకి అని అక్కతో అన్నాను. అక్క ఆ రోజు చాలాసేపు నవ్వింది. ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఆ వారమే అనుకుంటాను, సాయంత్రం నేను స్టవ్ దగ్గర నిలబడి కూర కలుపుతుంటే అక్క వచ్చి ఫోన్ నా మొహానికి ఆనించినంత దగ్గరగా పెట్టింది. మైక్రోస్కోపులోంచి తీసిన ఫోటో.

"ఏమే, ఇదేంటో చెప్పు."

"ఇసుకక్కా," అన్నాను.

గరిటె లాక్కుని నెత్తిమీద ఒకటిచ్చింది. ఇద్దరం కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుకున్నాం. "అది నాకూ తెలుసులేవే మహాతల్లీ. రాళ్ళ సార్ అసైన్‌మెంటు ఇచ్చాడు. రాళ్ళతోపాటు ఇది కూడా తగిలించాడు. కాస్త చూసి పెట్టవే," అంది.

చూశాను. స్టవ్ ఆర్పేసి మరీ చూశాను. "ఇందులో రెండు రకాలున్నాయక్కా. ఇవి చూడు, అరిగిపోయిన సబ్బు ముక్కల్లా నున్నగా ఉన్నాయి, అలలకి అటూ ఇటూ పొర్లి పొర్లి అలా అయ్యాయి. ఇవేమో పటికబెల్లం పగలగొట్టినట్టు కోసుగా ఉన్నాయి, ఏరు కొత్తగా మోసుకొచ్చింది. సబ్బు ముక్కలూ పటికబెల్లమూ ఒకే డబ్బాలో పోసినట్టుంది. ఇది ఏరొచ్చి సముద్రంలో కలిసే చోటు," అన్నాను. అక్క నోరు తెరుచుకుని వింది. "నీ బుర్రలో ఏముందే," అని నా బుగ్గ గిల్లింది. ఎవరైనా నా మాట అంత శ్రద్ధగా వినడం ఆ ఊళ్ళో అదే మొదలు. నాకు ఒళ్ళంతా గర్వం.

తరవాత అదొక అలవాటైపోయింది. వారం మొదట్లో అక్క ఫోటో తెచ్చేది, నేను వంట చేస్తూ చెప్పేదాన్ని. రాళ్ళ సార్‌కి ఇసుక పిచ్చి పట్టిందేమిటి అని ఒకసారి అడిగాను. "ముసలాడికి చాదస్తం," అంది. నమ్మాను. నిజం చెప్పొద్దూ, నేను ఆ ఫోటోల కోసం ఎదురుచూసేదాన్ని. క్లాసులో నోరు తెరిస్తే నా మాటకి నలుగురూ నవ్వుతారేమోనని భయం. గదిలో అక్క ముందు మాత్రం నోటికి హద్దు లేదు.

ఏడాది చివరికి వచ్చింది. మేడమ్ ఒక్కొక్కర్నీ గదిలోకి పిలిచి మాట్లాడుతున్నారు. నా వంతు ఉదయం. అక్క నా జడ తనే అల్లి, "భయపడకు, అడిగినదానికి జవాబు చెప్పు, ఎక్కువ వాగకు," అని పంపింది. గది నిజంగానే సీసాలమయం. కాని స్టూలు పట్టే చోటు మాత్రం బోలెడంత ఉంది. లోపలికి అడుగుపెట్టగానే నాకు కనిపించింది అదే.

మేడమ్ నా మార్కులు చూడనే లేదు. "నిన్నొకటి అడగాలని చాలా రోజులుగా అనుకుంటున్నా," అన్నారు. "వారం వారం గుమ్మం దగ్గర కొత్త ఇసుక పెడతాను. అందరూ చూస్తారు, లోపలికొచ్చి ఏం కనిపించిందో చెబుతారు. తప్పు చెప్పినా పర్వాలేదు నాకు. నువ్వు మాత్రం అక్కడ పామున్నట్టు గోడ పట్టుకుని పోతావు. ఇసుకే కావాలని అప్లికేషన్‌లో రాశావు కదా, ఒక్కసారైనా చూడాలనిపించలేదా?"

ఆవిడ చెబుతున్నది నాకు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. అది కొలతల కోసం కాదు. అది ఆవిడ మనుషుల్ని ఎంచుకునే పద్ధతి. చూడమని ఎవరికీ చెప్పరు, బోర్డుమీద రాయరు. చెబితే తప్ప చూడని మనిషి ఈ పనికి పనికిరాడని ఆవిడ నమ్మకం. పాత విద్యార్థులు కొత్తవాళ్ళకి చెవిలో వేస్తారు. నా చెవిలో వేసింది మా అక్క.

"మీ అక్కని చూసైనా నేర్చుకోవాల్సింది," అన్నారు మేడమ్. "పోయినేడు ఆ అమ్మాయికి ఏమీ రాదనుకున్నా. ఈ ఏడు చూడు, ప్రతి వారం వచ్చింది. ఒకసారి ఏమందో తెలుసా? సబ్బు ముక్కలూ పటికబెల్లమూ ఒకే డబ్బాలో పోసినట్టుంది మేడమ్ అంది. ఇన్నేళ్ళలో అంత బాగా ఎవరూ చెప్పలేదు నాకు."

నా మాట. నా స్టవ్ దగ్గర, నా నోట్లోంచి వచ్చిన మాట. ఆవిడ దాన్ని మురిపెంగా నాకే చెబుతున్నారు. రాళ్ళ సారూ లేడు, అసైన్‌మెంటూ లేదు. ఏడాదంతా నేను ఈ గదిలోకి వస్తూనే ఉన్నాను, అక్క మొహం తగిలించుకుని.

"నువ్వెందుకు చూడలేదో చెప్పు," అన్నారు మళ్ళీ.

"ముట్టుకోకూడదని చెప్పారు మేడమ్."

"ఎవరు?"

నాకు నోరు లేదా? ఇంట్లో నన్ను గయ్యాళి అంటారు. ఒక్క మాట అంటే చాలు, అక్క బండారం అక్కడికక్కడ బయటపడేది. కాని నాకు మా పెద్దమ్మ కనిపించింది. నేను పుట్టినప్పుడు అమ్మకి బాగాలేకపోతే నన్ను ఒళ్ళో వేసుకుని పెంచిన మనిషి. ఆవిడ కూతుర్ని నా నోటితో ఇంటికి పంపాలా? పైగా సీటు కోసం సొంత అక్కమీద చాడీలు చెబుతోందనుకుంటే? తల దించుకుని బల్లమీది సీసాలు లెక్కపెట్టాను.

మేడమ్ నా అప్లికేషన్ మూసి పక్కన పెట్టారు. "ఎవరో చెప్పారని ఏడాదిపాటు కళ్ళెదుట ఉన్నదాన్ని చూడలేదా? ఇంకొకర్ని అడగాలని కూడా తోచలేదా?" అన్నారు. కోపంగా కాదు, జాలిగా అన్నారు. అది ఇంకా కాలింది. ఇద్దర్ని అడుగు అని అక్క చెప్పనే చెప్పింది. దారి గురించి ఇద్దర్ని అడిగాను, బస్సు గురించి ఇద్దర్ని అడిగాను. అక్క చెప్పినదాన్ని ఇంకొకర్ని అడగడం ఏమిటి, అలా అడుగుతామా ఎవరైనా? నమ్మడమే నా తప్పని తేల్చేసి ఆవిడ నన్ను పంపించేశారు.

బయటికొచ్చి గోడ పట్టుకోలేదు. తిన్నగా స్టూలు దగ్గరికి వెళ్ళి, ఆ మైక్రోస్కోపులో మొదటిసారి కళ్ళు పెట్టాను. ఎక్కడో ఎడారి ఇసుక. గాలికి ఒకదాన్నొకటి కొట్టుకుని గరుకెక్కిన గాజు గోళీల్లా రేణువులు. చూస్తుండగానే అన్నీ అలుక్కుపోయాయి, కళ్ళనిండా నీళ్ళు. వెనక కళ్ళజోడు నిలబడి ఉన్నాడు. "ఆహా, ఇవాళ్టికి కోపం పోయిందా మేడమ్‌కి?" అన్నాడు సరదాగా. వాణ్ణి చంపేయాలనిపించింది. పాపం, వాడేం చేశాడు.

సాయంత్రం ఫలితం గోడకి అతికించారు. మేడమ్ దగ్గర అక్క. నన్ను రాళ్ళ సార్ దగ్గరికి తోశారు. నేను గదికి చేరేసరికి అక్క మంచంమీద కూర్చుని ఉంది. నా మొహం చూడగానే తెలిసిపోయింది తనకి. లేవలేదు.

"సబ్బు ముక్కలు బాగున్నాయట," అన్నాను.

గోరు కొరుక్కుంది. "నీకు వచ్చిన విద్య రేపూ ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది. ఎక్కడికెళ్ళినా బతుకుతావు," అంది. "నాకు ఇదే ఆఖరుసారే. ఈసారి కూడా వట్టి చేతులతో వెళ్తే అమ్మ మొహం ఎలా చూడను?"

"అడగొచ్చు కదా నన్ను."

"అడిగితే ఇచ్చేదానివా?"

ఇచ్చేదాన్నో లేదో నాకూ తెలీదు. ఇవ్వకపోయేదాన్నేమో. "ఇవ్వకపోతే తిట్టుకునేదానివి. అడగాల్సింది," అన్నాను.

"ఈ ఊళ్ళో నీకు అడుగు వేయడం నేర్పిందెవరే? నేను కాదా? అవన్నీ ఏమీ కాదా?" అంది.

"అవన్నీ ఉన్నాయి కాబట్టే కదే నమ్మాను," అన్నాను. అక్కని నేను 'కదే' అనడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఇద్దరికీ ఆ మాట వినపడింది.

ఇంతలో అమ్మ ఫోన్. "అక్కకి సీటొచ్చిందటగా. పెద్దమ్మ ఆనందం పట్టలేక ఒకటే ఏడుపు. నీకు రాలేదని కుళ్ళుకోకు తల్లీ, అక్క నీకెంత చేసిందో మర్చిపోకు," అంది. అక్క నా వంకే చూస్తోంది, నేను చెప్పేస్తానేమోనని. "మర్చిపోనమ్మా," అని పెట్టేశాను. బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. అది కూడా సన్నగానే వచ్చింది, ఓనరమ్మ బట్టలుతుకుతున్నట్టుంది.

వేరే గది వెతుక్కుంటున్నాను. దొరికేదాకా ఇక్కడే. వంట ఎవరిది వాళ్ళదే. రాళ్ళ సార్ మంచివాడు, చాదస్తమేమీ లేదు, ఇసుక ఊసే ఎత్తడు. రాళ్ళు నాతో మాట్లాడవు, నేను వాటితో మాట్లాడను, అలా గడిచిపోతోంది. అక్క మాత్రం రోజురోజుకీ చిక్కిపోతోంది. మేడమ్ తనని పక్కనే కూర్చోబెట్టుకుని చూపించి అడుగుతున్నారట, ఏమీ చెప్పలేక తలనొప్పులూ జ్వరాలూ తెచ్చుకుంటోంది. పోయినేడు పటికబెల్లం చూసిన కళ్ళేమయ్యాయి అని మేడమ్ అందరిముందూ అన్నారని కళ్ళజోడు చెప్పాడు. విని సంతోషించాను. సంతోషించి సిగ్గుపడ్డాను. మళ్ళీ సంతోషించాను.

నిన్న సాయంత్రం స్టవ్ దగ్గర నిలబడి ఉన్నాను. వెనక మంచం కిర్రుమంది. అక్క వచ్చి నా పక్కన నిలబడింది. తరవాత ఫోన్ తీసి, మొహానికి ఆనించకుండా, గట్టుమీద ఉప్పు డబ్బా పక్కన పెట్టింది.

"రేపు పొద్దున్న మేడమ్‌కి చెప్పాలి. చెప్పలేకపోతే తీసేస్తానన్నారు. ఈ ఒక్కసారికి చూడవే బుడంకాయ్," అంది. "ఏంటిది?"

చూడకూడదనుకుంటూనే చూశాను. నా కళ్ళు నా మాట వింటే కదా. నల్లటి రేణువులు, మధ్యమధ్య తేనె రంగువి, ఒక్కటంటే ఒక్కటి అరగలేదు. అగ్గికొండ పక్కన, నీళ్ళు ఇంకా ముట్టనైనా ముట్టని ఇసుక. మాట నాలుక చివరిదాకా వచ్చింది. నా పక్కన అక్క ఊపిరి బిగబట్టి నిలబడింది.

కూర కలుపుతూ ఫోన్ తన వైపు తోశాను.

"ఇసుకక్కా," అన్నాను.